అమ్మ తరఫు వారసత్వం

ఆ రోజుల్లో మా కాలనీలో వారసత్వం అనే మాటకు ఒకటే అర్థం ఉండేది. నాన్న ఇక గని పనికి పనికిరాడని డాక్టర్లు కాగితం మీద రాసిస్తే ఆ ఉద్యోగం కొడుక్కు రావడం. పొలాల వారసత్వం, రాజుల వారసత్వం మేము పాఠాల్లోనే చదివాం. గోదావరిఖనిలో ఆ రెండు గదుల క్వార్టర్ల వరసల్లో ఎవరైనా "ఫలానా వాళ్ళింట్ల వారసత్వం వచ్చిందట" అన్నారంటే, ఒక తండ్రి నడుమో మోకాలో ఊపిరితిత్తో పోయిందనీ, ఒక కొడుకు కొత్త బూట్లు తొడుక్కోబోతున్నాడనీ అర్థం చేసుకునేవాళ్ళం. ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉందని నాకు ఇరవై రెండో ఏట దవాఖానలో తెలిసింది. తెలిసిన తీరు మీద నాకు ఇప్పటికీ కొన్ని అభ్యంతరాలున్నాయి. అయినా ఆ సంగతి తలుచుకుంటే అబ్బురంగానే ఉంటుంది. రెండూ నిజమే కాబట్టి రెండూ రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం చెప్పాలి. నాకు జరిగిన అన్యాయాలను నేను మరిచిపోను. ఐదో తరగతిలో మామిడి చెట్టు బొమ్మ వేయమంటే వేశాను. డ్రాయింగ్ సారు నా కాగితం పైకెత్తి క్లాసుకంతా చూపించి, "వీని చెట్టుకు ఎండాకాలం వచ్చింది చూడుండ్రి" అన్నాడు. ఆకులకు గోధుమ రంగు వేశానట. ఆకుల రంగే వేశానని నాకు నూటికి నూరుపాళ్ళు నమ్మకం. ఆ సాయంత్రమే హెడ్‌మాస్టరుకు దరఖాస్తు రాశాను (నా జీవితంలో మొదటిది). ఆయన అందులోని అక్షర దోషాలు దిద్ది తిరిగిచ్చాడు. ఎర్ర సిరాతో దిద్దాడని మా అక్క చెబితే తెలిసింది. అక్క పెళ్ళయ్యాక మా బావ ఒకసారి టమాటాలు తెమ్మని నన్ను బజారుకు పంపాడు. తెచ్చిన సంచీ కుమ్మరించి చూసి, "ఈ పిల్లగాడు బజారుకు పోతే కూర మూడు రోజులకు ఉడుకుతది" అన్నాడు. నేను వెనక్కి వెళ్ళి కూరగాయలామెతో పచ్చికాయలు అంటగట్టావని అరగంట పోట్లాడాను. ఇన్ని జరిగినా నా కళ్ళలో ఏదైనా తేడా ఉందేమోనన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. లోకానికే తేడా ఉందనుకున్నాను.

నాన్న గనిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే ఇంజను నడిపేవాడు. ఆ కుదుపులకు నడుము పోయింది. మెడికల్ అన్‌ఫిట్ అని రాసిచ్చిన రోజు ఇంటికి వచ్చి నులకమంచం మీద పక్కకు తిరిగి పడుకుని, "నా నడుము పోతే పోయింది గాని వృథా పోలే" అన్నాడు. అమ్మ ఏడవాలో నవ్వాలో తెలియక పొయ్యి మీద పాలు పొంగించుకుంది. ఇంట్లో మగపిల్లవాణ్ణి నేనొక్కణ్ణే. నేను డాక్టరీ పరీక్షలో పాసైతే నాన్న ఉద్యోగం నాకు వస్తుంది, క్వార్టరు ఉంటుంది. ఫెయిలైతే ఆ నడుము నిజంగానే వృథా పోతుంది, క్వార్టరూ ఖాళీ చెయ్యాలి. ఇంత భారం మోస్తూ ఇస్త్రీ చొక్కా వేసుకుని దవాఖానకు వెళ్ళాను. బరువు, ఎత్తు, ఛాతీ, గుండె అన్నీ బాగున్నాయి. చివర డాక్టరమ్మ ఒక పుస్తకం తెరిచింది. ప్రతి పేజీలోనూ రంగురంగుల చుక్కలు, ఆ చుక్కల మధ్య ఒక అంకె.

"ఇందులో ఏముంది?"

"పన్నెండు."

"ఇందులో?"

"మూడు."

ఆమె ఒకసారి పుస్తకం వైపు, ఒకసారి నా వైపు చూసి పేజీ తిప్పింది. "ఇందులో?"

"డెబ్బై."

"ఇది ఇరవై తొమ్మిది, బాబూ."

"డెబ్బై అని సాఫ్ కనబడుతుంది మేడం. కావాలంటే బయటోళ్ళను పిలిచి అడుగుండ్రి."

పిలిచింది. పిలవకుండా ఉంటే బాగుండేది. కాంపౌండరు ఇరవై తొమ్మిది అన్నాడు. నా వెనక వరసలో ఉన్నవాడు ఇరవై తొమ్మిది అన్నాడు. నేల తుడుస్తున్న ఆయమ్మకు చదువు రాదు. ఆమె కూడా వంగి చూసి, గోడ మీద వేలితో రెండు వంపులు గీసి చూపించింది. ఒకటి రెండులా ఉంది, ఒకటి తొమ్మిదిలా ఉంది. ఆ వేలిని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "గనిలో ఎర్ర దీపం వెలిగితే ఆగాలి, పచ్చ దీపం వెలిగితే కదలాలి. పాసని ఎలా రాసిమ్మంటావు?" అంది డాక్టరమ్మ. నేను ఇంటికి వచ్చి, నాలుగు పేజీల దరఖాస్తు మూడు ప్రతులు రాశాను. పుస్తకం పాతది, చుక్కలు మాసిపోయాయి, అచ్చు తప్పులున్నాయి, కాబట్టి కొత్త పుస్తకం తెప్పించి మళ్ళీ పరీక్షించాలి అని. (ఆయమ్మను సాక్షిగా తీసుకోవడం చెల్లదని కూడా ఐదో అంశంగా చేర్చాను.)

వారం తిరగకముందే పిలుపొచ్చింది. డాక్టరమ్మ కొత్త పుస్తకం ప్లాస్టిక్ కవరు నా కళ్ళ ముందే చింపింది. డెబ్బై అందులోనూ డెబ్బైగానే ఉంది. ఆమె పుస్తకం మూసి, మెల్లగా, "ఇది జబ్బు కాదు బాబూ, నీ తప్పూ కాదు. నీకిది వారసత్వంగా వచ్చింది" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అదే గద మేడం నేను మొదటి నుంచి అంటున్న. నేను వారసత్వం కిందనే వచ్చిన. మా నాయిన అన్‌ఫిట్ కాగితం, ఫొటోలు, రేషన్ కార్డు అన్ని తెచ్చిన" అని ఫైలు తీసి బల్ల మీద పెట్టాను.

"ఆ వారసత్వం కాదు. ఇది మీ నాన్న నుంచి రాలేదు. మీ అమ్మ నుంచి వచ్చింది."

"మా అమ్మ కంపెనీల చెయ్యలే మేడం. ఇంట్లనే ఉంటది. ఆమె పేరు మీద ఎట్లొస్తది?"

కాంపౌండరు ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళిపోయాడు. గోడ అవతల అతను చేసిన చప్పుడు దగ్గు కాదని నాకు తెలుసు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఆ ఒక్క మర్యాదకు ఆమె మీద ఉన్న మిగతా ఫిర్యాదులన్నీ కొట్టేశాను. మందుల చీటీ మీద "క్రోమోజోములు" అని రాసిచ్చి, తెలిసినవాళ్ళనెవరినైనా అడిగి తెలుసుకోమంది. పదిహేను రోజుల్లో నా రిపోర్టు పైకి పంపాలి, ఆలోగా చెప్పుకునేది ఉంటే చెప్పుకోమంది.

చెప్పుకునేది నాకు ఎప్పుడూ ఉంటుంది. ఆ చీటీ పట్టుకుని సుద్దముక్క సారు ఇంటికి వెళ్ళాను. ఆయన రిటైరైన జీవశాస్త్రం సారు. జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది, ఎక్కడ నిలబడితే అక్కడ నేల మీద బొమ్మ గీసేవాడు, అందుకని ఆ పేరు. ఆ రోజు ఆదివారం. వాళ్ళింట్లో ప్రార్థన జరుగుతోంది. లోపల పాటలు, గుమ్మం ముందు చెప్పుల గుట్ట. సారు దగ్గు వస్తోందని అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"సార్, మా అమ్మ తరఫున ఎవ్వరికి గిట్లాంటిది లేదని ఒక కాగితం రాసియ్యండి. దరఖాస్తుకు జత చేస్త" అన్నాను.

"రాసిస్త గాని, క్రోమోజోములంటే ఏందో తెలుసా?"

"పదో తరగతిల చదివిన సార్. మీరే చెప్పిండ్రు."

"చదివినవు. చూడలే." జేబులు తడుముకున్నాడు. జీవితంలో మొదటిసారి సుద్దముక్క లేదు. చుట్టూ చూసి, చెప్పుల ముందు చతికిలబడ్డాడు. "మన ఒంట్ల కణం కణంల సన్నటి పోగులుంటయి. నలభై ఆరు. కాని నలభై ఆరు అనొద్దు, ఇరవై మూడు జతలనాలె. గీ చెప్పుల లెక్క." ఒక్కొక్క జతను వెతికి పక్కపక్కన పెట్టుకుంటూ పోయాడు. "ప్రతి జతల ఎడమది మీ అమ్మ ఇచ్చింది, కుడిది మీ నాయిన ఇచ్చిండు. ముక్కెట్లుండాలె, ఎత్తెంత, జుట్టెట్ల, అన్ని వీటి మీద రాసి ఉంటయి."

"అమ్మకు నలభై ఆరు, నాయినకు నలభై ఆరు ఉంటే నాకు తొంభై రెండు రావాలె గద సార్?" అన్నాను. అన్యాయం ఎక్కడ జరిగినా అడగాలి కదా.

సారు నా వైపు కొత్తగా చూశాడు. "నువ్వు గింత మంచిగ కొట్లాడుతవని తెలిస్తే ఆనాడు ముందు బల్ల మీద కూసోబెట్టెటోన్ని. బిడ్డకు ఇచ్చేటప్పుడు ఒక్కొక్క జతల నుంచి ఒక్కటే ఇస్తరు. ఏది పోతదో ఇచ్చెటోళ్ళకే తెల్వది. నేను చదువుకునేటప్పుడు ఉల్లిగడ్డ వేరు కొనను నలిపి మైక్రోస్కోపుల పెట్టి చూసిన. పోగులు జతలు జతలుగ వచ్చి, మధ్యల నిలబడి, రెండు దిక్కులకు విడిపోయినయి. వేలెడంత లేని ఉల్లివేరుల గంత క్రమశిక్షణ. ఆ రోజు అన్నం తినుడు మరిచిపోయిన."

ఇరవై రెండు జతలు వరసగా అమరాయి (తక్కువ పడితే లోపలి నుంచి తన చెప్పులు, సారమ్మ చెప్పులు కూడా తెచ్చాడు). ఇరవై మూడో జతకు సారు మూలనున్న కొడుకు గని బూట్లు తెచ్చి పెట్టాడు. "ఆడోళ్ళకు ఆఖరి జత ఇది, రెండు బూట్లు. మగోళ్ళకు ఇది" అని ఒక బూటు తీసేసి, దాని స్థానంలో ఎవరో పసిపిల్ల చెప్పు పెట్టాడు. ఆ పెద్ద బూటు పక్కన ఆ బెత్తెడు చెప్పును చూసి, మగవాళ్ళ తరఫున నాకు కొంచెం అవమానంగా అనిపించింది. "మీ నాయిన నీకు ఈ చిన్నదిచ్చిండు, అందుకే మగపిల్లగానివైనవు. బూటిచ్చింది అమ్మ. ఎరుపు, పచ్చ వేరువేరుగ చూసే సంగతి బూటు మీదనే రాసుంటది. చిన్న చెప్పు మీద లేనే లేదు. ఇప్పుడు బూటుకు చిల్లు ఉన్నదనుకో. ఆడమనిషికి రెండోది మంచిదుంటది, దానితోని ఎల్లిపోతది. తన దగ్గర చిల్లుది ఒకటి ఉన్నదని ఆమెకే తెల్వది. నీకు ఉన్నదొక్కటే."

"మరి మా అమ్మకు ఆ చిల్లు బూటు ఎవలిచ్చిండ్రు?"

"వాళ్ళమ్మన్న ఇయ్యాలె, వాళ్ళయ్యన్న ఇయ్యాలె. మీ తాతకు ఉండెనా అడుగు. ఆయనకు ఉంటే ఇంక అడిగే పని లేదు. ఆయనకున్నది ఒక్కటే బూటు. బిడ్డకు ఇయ్యాలంటే అదే ఇయ్యాలె."

ఇంతలో ప్రార్థన ముగిసి జనం బయటికి వచ్చారు. ఎవరి చెప్పులు ఎక్కడున్నాయో తెలియక గుమ్మంలోనే ఆగిపోయారు. ఒక అవ్వ తన చెప్పు దొరికించుకుని చంకలో పెట్టుకుని, "ఏంది సారూ, మా చెప్పులకు గూడ పరీక్ష పెట్టినవా" అంది. "నీదే పాసైంది పో అవ్వా" అన్నాడు సారు. నేను నవ్వలేకపోయాను. నా ఒంట్లో ప్రతి కణంలో ఎవరెవరివో చెప్పులు జతలుగా నిలబడి ఉన్నట్టు, నేను పుట్టకముందే చనిపోయినవాళ్ళు నాలో గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. కాగితం అడగడం మరిచిపోయి ఇంటికి నడిచాను. నేను ఏదైనా అడగడం మరిచిపోవడం అదే మొదటిసారి.

అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తాతకు కళ్ళు ఎట్లుండేవని అడిగాను. మా ఇంట్లో తాత అంటే అమ్మ తండ్రే. నేను పుట్టకముందే పోయాడు. ఆయన పేరెత్తితే అమ్మ ముఖం ముడుచుకునేది, దాని వెనక ఒక చీర కథ ఉందని మాకందరికీ తెలుసు.

"మా అయ్య కండ్లు మంచిగనే ఉండె. నాలికె మంచిగ లేకుండె" అంది అమ్మ. "లగ్గమైనంక పుట్టింటోళ్ళు పోసే మొదటి ఒడిబియ్యానికి ఏం చీర కావాలె బిడ్డా అంటే ఎర్రది అన్న. ఒక్క ఎర్ర చీర. పెద్దపల్లి దాక నడిచిపోయి తెచ్చిండు. ఇప్పి చూస్తే పచ్చది. ఇదేంది అయ్యా అంటే, ఎర్రదే గద బిడ్డా అంటడు. నలుగురి ముందల. పచ్చ చీర చేతిల పెట్టి ఎర్రదే అంటే ఎట్లుంటది? తక్కువకొచ్చింది తెచ్చి నన్ను పిచ్చిదాన్ని చేస్తుండనుకున్న. సచ్చేదాక ఎర్రదే అన్నడు. సచ్చేదాక నేను అబద్ధాలోడివే అన్న."

"ఆ చీర ఉన్నదా?"

"ఎందుకు లేదు. కట్టలే, ఎవ్వలకియ్యలే. ఆయన అబద్ధానికి సాక్ష్యం ఉండాలె గద" అని లేచింది. (నా దరఖాస్తుల బుద్ధి ఎటు నుంచి వచ్చిందో నాకు అప్పుడే అర్థమైంది. అది ఏ జత చెప్పుల మీద రాసి ఉందో సారును అడగాలి.) ట్రంకుపెట్టె అడుగు నుంచి కలరా ఉండల వాసనతో ఒక మడత తీసి, విప్పి, నా ముందు చాచింది. "చూడు. నువ్వే చెప్పు న్యాయం."

నేను చూశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో చూశాను. నా జీవితమంతా నాకు తెలిసిన ఎరుపు అదే.

"ఎర్రదే గద అమ్మ" అన్నాను.

మంచం మీద నుంచి నాన్న మెడ ఎత్తి, "ఆకుపచ్చ చీర రా అది" అన్నాడు. నేను మళ్ళీ చూసి, "ఎర్రదే నాయినా" అన్నాను. పోట్లాటకు కాదు. నాకు నిజంగా అంతే కనబడింది. అమ్మ చీర అంచు పట్టుకుని కూలబడింది. "గదే మాట. గట్లనే కిటికీ కాడికి పట్టుకపోయి చూసి, గట్లనే అన్నడు" అంది. ఎండలో పెద్దపల్లి దాకా నడిచి, దుకాణంలో ఉన్న చీరలన్నీ తిరగేసి, అన్నిటికంటే ఎర్రదాన్ని ఏరి తెచ్చి బిడ్డ చేతిలో పెట్టిన మనిషి మా మధ్య నిలబడి ఉన్నట్టు ఉంది. ఆయనకున్న ఒక్క బూటును అమ్మకు ఇచ్చాడు. అమ్మ అది తన దగ్గర ఉందని తెలియకుండానే దాచి నాకు ఇచ్చింది. పాతికేళ్ళ తర్వాత ఆయన నిర్దోషి అని చెప్పడానికి ఆయన కళ్ళే మళ్ళీ వచ్చాయి. నేను ఎన్నో దరఖాస్తులు పెట్టాను గాని, ఇంత ఓపికగా తన కేసు గెలిచిన మనిషిని మళ్ళీ చూడలేదు.

అమ్మ ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలియక నాన్న, "నా వారసత్వం వస్తదో రాదో గాని, మీ అయ్య వారసత్వం ముందే వచ్చి కూసున్నది" అన్నాడు. అమ్మ ఏడుపులోనే నవ్వింది.

నేను అప్పటికే సగం రాసి పెట్టుకున్న రెండో దరఖాస్తును చింపేశాను. కొత్తది ఒకే పేజీ రాశాను. పుస్తకంలో తప్పు లేదనీ, నాకు ఎరుపూ పచ్చా తేడా తెలియదనీ, దీపాలతో సంబంధం లేని పని ఏదైనా ఇప్పించాలనీ. నేను తప్పు ఒప్పుకుంటూ రాసిన కాగితం అదొక్కటే, దానికి నకలు కూడా ఉంచుకోలేదు. పదిహేనో రోజున దవాఖానకు అమ్మ కూడా వచ్చింది, ఆ చీర మొదటిసారి కట్టుకుని. డాక్టరమ్మ నా కాగితం చదివి, అమ్మ చెప్పిందంతా విని, "మరి ఈ చీర ఏ రంగు?" అని నన్ను అడిగింది. "మా తాతకు, నాకు ఎర్రది మేడం. మీకు ఏ రంగు కనబడుతదో నాకు తెల్వది" అన్నాను. ఆమె నా రిపోర్టు దగ్గరికి లాక్కుని, గని లోపలికి పనికిరాడు, పైన రంగులతో పని లేని చోట పనికొస్తాడు అని రాసింది. నాన్న నడుము వృథా పోలేదు.

సామాన్ల స్టోరులో వేశారు. బూట్ల విభాగం. బూట్లన్నీ నలుపే, తప్పు జరిగే అవకాశం లేదు. పక్కనే ఉన్న రంగురంగుల హెల్మెట్ల విభాగం నాకు ఇంతవరకూ ఇవ్వలేదు, అది నేను మరిచిపోను. రోజూ పొద్దున్నే బూట్లు జతలు చూసి ఇస్తున్నప్పుడు, ఎడమది అమ్మది, కుడిది నాన్నది అనుకోకుండా ఒక్క జతా నా చేయి దాటదు.

నాకిప్పుడు ఒక కూతురు. నా దగ్గరున్న ఒక్క చిల్లు బూటూ ఆమెకే ఇచ్చాను, వేరేది లేదు కదా. రెండోది వాళ్ళమ్మ మంచిది ఇచ్చింది కాబట్టి పిల్లకు అన్ని రంగులూ కనిపిస్తాయి. పోయిన బతుకమ్మకు ఎర్ర లంగా కావాలంది. తోడు ఎవరినైనా తీసుకుపొమ్మని ఇంట్లో అందరూ చెప్పారు. నా కూతురికి లంగా తేవడానికి నాకు సాక్షులెందుకని ఒక్కణ్ణే వెళ్ళి, దుకాణమంతా తిరగేసి, అన్నిటికంటే ఎర్రదాన్ని ఏరి తెచ్చాను. పిల్ల పొట్లం విప్పి ఒక్క క్షణం ఆగింది. వాళ్ళ నానమ్మ వైపు చూసింది. మా అమ్మ లంగా అంచు చేత్తో సవరించి, "ఎర్రదే బిడ్డ" అంది. పిల్ల వెంటనే తల ఊపి, "అవును నాన్న, మస్తు ఎర్రగుంది" అని కట్టుకుని ఆడడానికి పోయింది.

వాకిట్లో ఆడవాళ్ళు ఆ పిల్లను చూసి, తర్వాత నన్ను చూసి నవ్వు దాచుకున్నారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. అయినా దాని మీద మాత్రం నేను ఎవరికీ ఏమీ రాయలేదు.